గుర్రాలు తినే గడ్డి

పోయినేడు వినాయక చవితి వెళ్లిన వారంలోనే మా అపార్ట్‌మెంట్ కమిటీని నేను ఒక ప్రశ్న అడిగాను. ఈ ఏటి చవితి కూడా వచ్చి వెళ్లిపోయింది. జవాబు మాత్రం రాలేదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే, ఎవరో ఇంట్లో పట్టిన ఆవకాయ అమ్ముతామని పెట్టిన ఫొటోల కింద నా ప్రశ్న కనపడకుండా పోయింది. మీటింగులో లేచి నిలబడితే, "అన్నా, జెర కూసో, ముందు లిఫ్ట్ సంగతి చూద్దాం" అన్నారు. లిఫ్ట్ బాగయ్యాక మళ్లీ లేచాను. అప్పుడు నీళ్ల మోటారు అడ్డం వచ్చింది. కాగితం మీద రాసి ఇస్తే, "సార్‌కు ముట్టింది" అని వాచ్‌మన్ చేత చెప్పించారు. ముట్టిందన్న సంగతి నాకూ తెలుసు. నేనడిగింది ముట్టిందా లేదా అని కాదు.

ఇవాళ పొద్దున టెర్రస్ మీద కొత్త గడ్డిమోపు తాడు కోశాను. నీడన ఎండిన మంచి గడ్డికి ఒక వాసన ఉంటుంది. పూర్తిగా ఎండినట్టూ ఉండదు, పచ్చిగానూ ఉండదు. కొత్తగా తెరిచిన టీ పొడి ప్యాకెట్‌లో ముక్కు పెట్టినట్టు ఉంటుంది. తాడు తెగగానే ఆ వాసన గుప్పున లేచింది. నా చేయి దానంతటదే మోపు నడిమధ్యలోకి వెళ్లింది. పైన ఎలా ఉన్నా, మధ్యలో చల్లగా తగిలితే లోపల తేమ ఉన్నట్టు. చల్లగా లేదు. ఒక పుల్ల తీసి విరిచాను, టక్కున విరిగింది. ఇలా చూడమని నాకు నేర్పినావిడ ఇప్పుడు లేరు. ఆమెను చూడనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎందుకంటే చూసినవాళ్లలో కొందరు ఆమె గురించి తప్పు చెబుతున్నారు.

ఆమె పేరు రూతు. మల్కాజ్‌గిరిలోని మా అపార్ట్‌మెంట్‌లో మా పై అంతస్తులో ఒంటరిగా ఉండేవారు. ఊరు తెనాలి వైపు. ఉద్యోగమంతా సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ స్కూల్లో, జీవశాస్త్రం చెప్పేవారు. రిటైరయ్యాక టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు నీడలో పెద్ద జాలీ బోను చేయించి రెండు కుందేళ్లను పెంచుకున్నారు. మగదాని పేరు సుందరం, ఆడదాని పేరు లిల్లీ. నాకు ఆమెతో పరిచయం మెట్ల మీద పలకరింపు వరకే. మా అమ్మాయి ఒక ఆదివారం సంతలో రెండు కుందేలు పిల్లల్ని కొనుక్కొచ్చి, వాటికి బిట్టూ, చిట్టీ అని పేర్లు పెట్టి, ఆపైన చదువుకని వరంగల్ హాస్టల్‌కు వెళ్లిపోయింది. కుందేళ్లు నాకు మిగిలాయి.

అవి క్యారెట్లు తింటాయని లోకమంతా అనుకుంటున్నట్టే నేనూ అనుకున్నాను. మా ఆవిడ సునీత మిగిలిన చపాతీలు వేసేది. కొన్నాళ్లకు చిట్టి తిండి మానేసి మూలన ముడుచుకుని కూర్చుంది. ఫోన్లో చూస్తే గడ్డి పెట్టాలని ఉంది. పెంపుడు జంతువుల సామాన్లమ్మే ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. అక్కడ గడ్డిని బంగారంలాగా అద్దాల వెనక పెట్టి అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద విదేశాల పచ్చిక మైదానం బొమ్మ. ధర చూసి, దీనికన్నా చిన్న ప్యాకెట్ ఉందా అని అడిగాను. కౌంటర్లో కూర్చున్నాయన ఫోన్లోంచి తలెత్తలేదు.

"గడ్డి కొననీకి ఇంత సోంచాయిస్తే కుందేళ్లు ఎందుకు సార్? పిచ్చుకలు పెంచుకోండ్రి. అవే తెచ్చుకుంటయి, అవే తింటయి" అన్నాడు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒకాయన చేతిలో చిలక పంజరం ఉంది. ఈ రోజుకీ ఆ వీధిలో వెళ్లాల్సి వస్తే నేను అవతలి వైపున నడుస్తాను.

ఉత్త చేతులతో వెళ్లడం ఇష్టంలేక మార్కెట్‌లో క్యారెట్లు కొని, సంచి పట్టుకుని మెట్లెక్కుతుంటే టీచర్ గారు ఎదురయ్యారు. సంచిలోకి చూసి, "ఎవరికి బాబూ ఇన్ని?" అన్నారు. చెప్పాను. దుకాణంలో జరిగిందీ చెప్పాను. అది చెప్పకుండా ఉండలేకపోయాను.

"క్యారెట్లు కుందేళ్ల బొమ్మలు గీసేవాళ్లు పెడతారండీ. కుందేళ్లు గడ్డి తింటాయి. ముందు ఆ పిల్లను డాక్టర్‌కు చూపించి రండి. తర్వాత పైకి రండి" అన్నారు. దుకాణం వాడి గురించి మాత్రం, "అతని ముందు నిలబడి గడ్డి గురించి మూడు మాటలు అడిగితే రెండోదానికే తడబడతాడు. ఆ మూడూ మీకు చెబుతాను" అన్నారు.

డాక్టర్ చిట్టికి మందిచ్చి, గడ్డి లేకపోతే మళ్లీ ఇదే వస్తుందన్నాడు. ఆ సాయంత్రమే టెర్రస్ మీదికి వెళ్లాను. ఆమె సుందరాన్ని ఒళ్లో పెట్టుకుని పై పెదవి ఎత్తి చూపించారు. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయట. రోజంతా గరుకు పీచు నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే వంకర తిరిగి బుగ్గల్లో గుచ్చుకుంటాయి. పేగు కూడా అంతే, పీచు తోస్తూ ఉంటేనే కదులుతుంది. "మనకు అన్నం ఎట్లాగో వీటికి గడ్డి అట్లా. క్యారెట్టు మన మైసూర్‌పాక్ లాంటిది. పండగకు ఒక ముక్క" అన్నారు. తర్వాత పాత న్యూస్‌పేపర్ పరిచి మూడు రకాల గడ్డి మూడు కుప్పలుగా పెట్టారు. క్లాసులో ఆమె ఎలా ఉండేవారో నాకు అప్పుడు తెలిసింది.

"ఇది వరిగడ్డి. దొరకడం తేలిక. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. కింద పరుపుగా వెయ్యండి, బాగుంటుంది. ఇది లూసర్న్, పశువుల పాలకు పెడతారు. ఎదిగే పిల్లలకు మంచిదే. పెద్దవాటికి రోజూ పెడితే ఒంట్లో సున్నం ఎక్కువై మూత్రం చిక్కబడుతుంది. ఇది గినీ గడ్డి, పూతకు ముందు కోసి నీడన ఆరబెట్టింది. పెద్ద కుందేళ్లకు ఇదే అన్నం."

"గది సరే టీచరమ్మా, మూడోది గాదా దొరకాల్సింది? ప్యాకెట్ల తప్ప యాడుంటది?"

"గుర్రాలు ఎక్కడ తింటాయో అక్కడ" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆ ఆదివారం చర్చి అయ్యాక నన్ను రెజిమెంటల్ బజార్‌లో ఒక దాణా దుకాణానికి తీసుకెళ్లారు. పెళ్లి బారాత్‌లకు గుర్రాలు తిప్పేవాళ్లు అక్కడే దాణా కొంటారు. ఆవుకు కొంచెం పాత గడ్డి వేసినా తట్టుకుంటుంది, గుర్రం తట్టుకోదు. బూజుపట్టిన గడ్డి తింటే కడుపునొప్పితో కింద పడి దొర్లుతుంది. కాబట్టి గుర్రాలవాళ్లు చెడ్డ గడ్డి కొనరు, దుకాణంవాళ్లు వాళ్లకు చెడ్డది చూపించరు. కుందేలు కడుపు కూడా గుర్రం కడుపు తీరే. బొమ్మ ప్యాకెట్‌లో ఉండేదీ ఈ మోపులో ఉండేదీ ఒకే పని చేస్తాయి, ప్యాకెట్ ధరకు ఇక్కడ మోపు వస్తుంది. ఇదీ ఆమె లెక్క. నేను ఫోన్లో రోజుల తరబడి వెతికినా ఎవరూ చెప్పని మాట ఇది.

"మల్లేశం గారూ, పశువులకిచ్చేది వద్దు. గుర్రాలకు పక్కన పెడతారే, అది చూపించండి" అన్నారామె.

మల్లేశం నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా, సార్ ఇంట్ల బారాత్ ఉన్నదా?"

"వారికి రెండు గుర్రాలున్నాయి లెండి."

"ఎంత పెద్దయి?"

ఆమె రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి, సోరకాయంత కొలత చూపించారు. మల్లేశం పడీ పడీ నవ్వాడు. "గంత గుర్రం మీద పెండ్లికొడుకును ఎట్ల ఎక్కిస్తరు సార్?" అన్నాడు. నన్ను చూసి ఎవరు నవ్వినా నాకు గుర్తుంటుంది. ఆ నవ్వు కూడా గుర్తుంది, కానీ నొచ్చుకోలేదు. అతను నవ్వుతూనే లోపలికి వెళ్లి మంచి మోపు తెచ్చాడు. ఇద్దరి నవ్వుల్లో తేడా అదే.

మోపు వేయగానే ఆమె కొనలేదు. లోపలికి చేయి పెట్టి చూశారు. పుల్ల విరిచారు. ఒక గుప్పెడు తీసి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. మరో గుప్పెడు నల్ల గొడుగు మీద దులిపారు. తెల్లటి పొడి రాలితే బూజు ఉన్నట్టు. రాలలేదు. ఆకుపచ్చ ఎంత ఉంది, ఆకు ఎంత, కాడ ఎంత అని చూశారు. ఇంకోసారి వానాకాలంలో వెళ్లినప్పుడు అదే గొడుగు మీద పొడి రాలింది. మల్లేశం సగం ధరకే ఇస్తానన్నాడు. "పారేసే గడ్డి ఎంతకు కొన్నా దండగే కదండీ" అన్నారామె. వట్టి చేతులతో తిరిగొచ్చాం. ఇంటికి వచ్చాక ఉన్న పాత గడ్డినే రెండిళ్ల కుందేళ్లకూ పంచి సర్దారు. వాన తెరిపిచ్చాక కొత్త సరుకు వచ్చిందని మల్లేశమే ఫోన్ చేశాడు.

మంచి గడ్డి చవకగా రావాలంటే మోపులెక్కన కొనాలి. మోపు కొంటే దాచడానికి గాలి తగిలే చోటు కావాలి. ఇళ్లలో బాల్కనీలు లేవు. గదిలో పెడితే చెమ్మ పడుతుంది, ప్లాస్టిక్ సంచిలో కడితే ఉడుకుతుంది. అందుకని టెర్రస్ మీద లిఫ్ట్ గది పక్కన, రేకుల కింద, ఆమె పాత నవారు మంచం వేసి దాని మీద మోపులు పెట్టాం. కింద నుంచి గాలి, పైన నీడ. కమిటీ అనుమతి తీసుకునే పెట్టాం. ఆ అనుమతి ఇచ్చింది సెక్రటరీ సుధాకర్ గారే. "పెట్టుకోండ్రి టీచరమ్మా, ఖాళీ జాగనే గదా" అన్నారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

పోయినేటి చవితికి మా స్టిల్ట్ పార్కింగ్‌లో వినాయకుణ్ణి పెట్టారు. నేనూ పూజలో కూర్చున్నాను. నిమజ్జనం రోజు డప్పులు, లారీ, హడావుడి. విగ్రహం వెళ్లిపోయాక చూస్తే పత్రి బుట్ట ఇక్కడే మిగిలిపోయింది. విగ్రహంతో పాటు నీళ్లలో కలపాల్సిన పత్రి అది. తొక్కుడు పడితే దోషమని సుధాకర్ గారు ఆ బుట్ట తీసుకుని టెర్రస్ మీదికి వెళ్లారు. బట్టలు తియ్యడానికి పైకి వెళ్లి దిగుతున్న సునీతకు మెట్ల మీద ఎదురయ్యారు. "కుందేళ్లకు ఏస్తనమ్మా, దేవుని ప్రసాదం, పుణ్యం" అని ఆయనే చెప్పారు. ఆయనలో దురుద్దేశం ఉందని నేను ఏ రోజూ అనలేదు. కానీ పత్రిలో గరిక ఒక్కటే ఉండదు. గన్నేరు ఉంటుంది. ఉమ్మెత్త ఉంటుంది. జిల్లేడు ఉంటుంది. దేవుడికి పెట్టే ఆకు వేరు, నోట్లో పెట్టుకునే ఆకు వేరని మా నానమ్మ చిన్నప్పుడే మాకు చెప్పింది. గరిక వాసనకు సుందరం బుట్టెడు పత్రిలో మూతి పెట్టి ఉంటుంది.

తెల్లవారి టీచర్ గారు కేకెయ్యలేదు. సునీత ఫోన్‌కు "ఒకసారి పైకి వస్తారా" అని మెసేజ్ పెట్టారు. మేమిద్దరం వెళ్లేసరికి సుందరం ప్రాణం లేకుండా చీరకొంగులో చుట్టి ఉంది. ఆమె పత్రిలోంచి ఒక్కొక్క ఆకూ ఏరి, సగం కొరికిన గన్నేరు ఆకుల్ని విడిగా పెట్టి ఉంచారు. లిల్లీ బోను మూలన ఉంది, దానికి ఏమీ కాలేదు. "ఇవి ఇక్కడికి ఎట్లా వచ్చాయి బాబూ?" అన్నారు. పూజ పత్రిలో గన్నేరు కూడా ఉంటుందని ఆమెకు తెలియదు. సునీత చెప్పింది, ఎవరు తెచ్చారో కూడా చెప్పింది.

టీచర్ గారూ నేనూ కలిసి సుధాకర్ గారి ఇంటికి వెళ్లాం. టీచర్ గారు గుమ్మంలోనే నిలబడి, "మీరు తెలిసి చెయ్యలేదని నాకు తెలుసండీ. వేశానని ఒక్క మాట చెబితే చాలు. ఇంకెవరూ వెయ్యకుండా గ్రూపులో పెడదాం" అన్నారు.

ఆయన ముందు తడబడ్డారు. తర్వాత ఆయన వెనక ఇద్దరు ముగ్గురు చేరేసరికి గొంతు మారింది. "నేను ఏమీ ఎయ్యలే. బారాత్ గుర్రాల చీప్ గడ్డి తెచ్చి పెడుతున్నరు, అది తిని సచ్చింది. మా దేవుని పత్రి మీద పెడతరా? పత్రితోని ఎవరన్న సస్తరా?"

"మా దేవుని" అన్న మాట దగ్గర ఆమె ముఖం చూశాను. మతం పేరు వచ్చాక ఆమె ఇంక ఏం మాట్లాడినా తగాదా అవుతుందని ఆమెకు తెలుసు. నమస్కారం పెట్టి వెనక్కి తిరిగారు. నేనే అన్నాను, "సుధాకరన్నా, ఆ పూజల నేను సుత కూసున్న. అది నా దేవుడు సుత. బుట్టల గన్నేరు ఉండెనా లేదా, గది చెప్పు" అని. తలుపు వేశారు. నా ముఖాన వేసిన తలుపులు చాలా ఉన్నాయి. అది మాత్రం ఆమె ముఖాన కూడా వేశారు.

తర్వాత జరిగింది ఇంకా చెడ్డది. సుందరం చవక గడ్డి తిని చచ్చిపోయిందన్న మాట అపార్ట్‌మెంట్ అంతా పాకింది. మూడో అంతస్తులో కుందేళ్లున్నవాళ్లు, టీచర్ గారి మాట విని మోపు గడ్డి మొదలుపెట్టినవాళ్లే, భయపడి మానేశారు. ప్యాకెట్లు కొనలేక మళ్లీ క్యాబేజీ, బిస్కెట్లు పెట్టారు. కొన్నాళ్లకు ఆ కుందేళ్లు పళ్లు పెరిగి తినలేకపోతుంటే ఎవరికో ఇచ్చేశారు. టీచర్ గారిని కుంగదీసింది తన మీద పడ్డ నింద కాదు, ఇది. "ఒక అబద్ధం వల్ల రెండు ప్రాణాలు తిండికి దూరమయ్యాయి చూడండి" అన్నారు.

నేను ఊరుకోలేదు. మా ముఖాన తలుపు వేసిన ఆ వారంలోనే కమిటీకి పెద్ద ఉత్తరం రాశాను. పార్కింగ్‌లో నా చోటు ఆక్రమించడం దగ్గర మొదలుపెట్టి, మీటింగుల్లో నన్ను కూర్చోబెట్టిన ప్రతి సందర్భమూ రాశాను. నేను ఫిర్యాదులు రాస్తానని మా ఆఫీసులో నవ్వుకుంటారు. టీచర్ గారు నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసుకుని చదువుతూ వరసగా కొట్టేసుకుంటూ వెళ్లారు. పార్కింగ్ పోయింది, మీటింగులు పోయాయి. చివరికి ఒక్క వాక్యం మిగిలింది.

"గివన్నీ నిజమే గదా టీచరమ్మా" అన్నాను.

"నిజమే. కానీ ఇన్ని అడిగితే ఆయన వాటిలో సులువైనదానికి జవాబిచ్చి, అన్నిటికీ ఇచ్చినట్టు కూర్చుంటాడు. జవాబు తప్పించుకోలేని ప్రశ్న ఒకటి అడగండి. వచ్చేదాకా అదే అడగండి. కోపం తెచ్చుకోకండి, మర్చిపోకండి."

మర్చిపోకపోవడం నాకు ముందే వచ్చు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమె చెప్పారు. ఇంతకాలం నా మనసులో ఎవరేమన్నారో అంతా వరసగా ఉండేది, పిచ్చుకలు పెంచుకోమన్నవాడి దగ్గర్నుంచీ. అవన్నీ నాకు జరిగినవి. ఈ ప్రశ్న నాది కాదు. అందుకే దీన్ని అడుగుతున్నప్పుడు నా గొంతు వణకదు.

ఎండాకాలం మొదట్లో ఆమె గుండెపోటుతో పోయారు. లిల్లీ మా బిట్టు, చిట్టిలతో కలిసి ఉంటోంది. బోను ఇప్పుడు నేనే కడుగుతున్నాను, బజారుకు నేనే వెళుతున్నాను. మల్లేశం గుర్రాల గడ్డి తీసి ఉంచుతాడు. "టీచరమ్మ ఉంటే గొడుగు పట్టేది" అని తనే ఒక గుప్పెడు దులిపి చూపిస్తాడు. ఎవరు కొత్తగా కుందేలును తెచ్చుకున్నా మంచం దగ్గరికి తీసుకొచ్చి, చేయి లోపల పెట్టమని, పుల్ల విరవమని, వాసన చూడమని చెబుతున్నాను. మూడో అంతస్తువాళ్ల అమ్మాయి మాత్రం దూరంగా నిలబడి, "అంకుల్, ఇది తినే గదా టీచర్ ఆంటీ కుందేలు సచ్చింది" అని అడిగింది. పిల్ల తప్పేం లేదు, పెద్దవాళ్లు చెప్పిందే అంది.

ఇప్పుడు లిఫ్ట్ తలుపు మీద నోటీసు అంటించారు. నాసిరకం గడ్డి వల్ల గతంలో ఒక కుందేలు చనిపోయినందున, టెర్రస్ మీది గడ్డిని ఆదివారంలోగా తీసేయాలట. కింద సుధాకర్ గారి సంతకం ఉంది. నిప్పు భయమని రాసి ఉంటే ఇసుక బకెట్లు పెట్టేవాణ్ణి. స్థలం కావాలని రాసి ఉంటే వేరే చోటు వెతికేవాణ్ణి. చనిపోయిన మనిషి మీద అబద్ధం రాసి, దాని ఆధారంగా మూడు కుందేళ్ల తిండి తియ్యమంటే తియ్యను. ఆదివారం పొద్దున నేను ఆ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. సునీత చూసింది చెప్పడానికి ఆమె కూడా ఉంటుంది.

సుధాకర్ గారూ, మీరు ఎవరి ద్వారానూ కబురు పంపొద్దు. మీటింగు పెట్టొద్దు. మెట్లెక్కి పైకి రండి. ఆ రోజు ఆ బోనులో పత్రి వేసింది మీరా, కాదా? నేను ఇంకేమీ అడగడం లేదు. ఔననో కాదనో, నా ముఖం చూసి చెప్పండి.